కణం లోపలి లాకులకు కంప్యూటరు లెక్క
భీమవరం బిడ్డ పరిశోధించిన భాస్వరమే ఆ కాలువల్లో కబురు మోస్తోంది

విజ్జేశ్వరం వద్ద హెడ్ స్లూయిస్ తలుపులు ఎత్తితే పశ్చిమ డెల్టా కాలువలకు నీరు వస్తుంది. ఆ నీరు భీమవరం దాటి శివారు చేలకు చేరేసరికి ఎన్ని లాకులు, ఎన్ని తూములు, ఎన్ని బోదెలు దాటాలో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. పైన జానెడు తలుపు ఎత్తినంత మాత్రాన కింద జానెడు నీరు పెరగదు. మధ్యలో ఎవరో ఒక తూము తెరిచి వుంచితే శివారుకు చుక్క రాదు. ఒకచోట అడ్డుకట్ట వేస్తే నీరు మరోచోట గట్టు తెంచుకుని పోతుంది. అందుకే అనుభవం వున్న లస్కరు ఒక్క తలుపును చూసి మాట్లాడడు. కాలువ మొత్తాన్ని చూసి మాట్లాడతాడు.

సరిగ్గా ఇటువంటి ఏర్పాటే మన ఒంట్లో ప్రతి జీవకణంలోనూ వుంది. అందులో పారేది నీరు కాదు, కబురు. ఆ కబురు దారి తప్పితే చక్కెర వ్యాధి వస్తుంది. ఆగకుండా పారితే క్యాన్సర్ వస్తుంది. ఏ తలుపు ఎంత ఎత్తితే చివర ఏం జరుగుతుందో కంప్యూటరు మీద లెక్క కట్టి చూసే పనిలో దేశదేశాల శాస్త్రజ్ఞులు వున్నారు. ఈ లెక్కలో మన జిల్లాకు కూడా ఒక పాత చుట్టరికం వుండటం విశేషం.

గోడ బయట కబురు, గోడ లోపల పని

మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు వున్నాయని అంచనా. ప్రతి కణానికీ పలుచని పొర ఒకటి గోడలా వుంటుంది. బయటి నుంచి వచ్చే కబురు చాలావరకు ఆ గోడ దాటి లోపలికి రాదు. గోడ మీద వున్న గ్రాహకం అనే ప్రోటీను దాన్ని అందుకుని, లోపలి వైపు వున్న మరో ప్రోటీనుకు అందిస్తుంది. అది ఇంకోదానికి, అది మరోదానికి. ఇలా చేయి మారుతూ కబురు పని జరగవలసిన చోటుకు చేరుతుంది.

అన్నం తిన్న తరువాత ఏం జరుగుతుందో చూద్దాం. రక్తంలో చక్కెర పెరగగానే క్లోమ గ్రంథి ఇన్సులిన్‌ను వదులుతుంది. అది కండరాల కణాల గోడకు వచ్చి గ్రాహకాన్ని అంటుకుంటుంది. లోపల కబురు నాలుగైదు చేతులు మారుతుంది. అప్పుడు కణం లోపల దాచివున్న చక్కెర ద్వారాలు గోడ దగ్గరికి వచ్చి అమరుతాయి. చక్కెర లోపలికి వెళుతుంది. రక్తంలో తగ్గుతుంది.

నడివయసులో వచ్చే చక్కెర వ్యాధిలో చాలామందికి మొదట ఇన్సులిన్ లేకపోవడం కాదు కష్టం. ఇన్సులిన్ వున్నా దాని కబురు లోపల సన్నగిల్లిపోతుంది. కాలువ తల దగ్గర నీరు నిండుగా వుండి శివారు చేను ఎండిపోవడం వంటిదే ఇది. తల దగ్గర మరికొంత నీరు వదలడం ఒక మార్గం. నీరు మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నదో కనిపెట్టడం మరో మార్గం. ఆ రెండవ దారికే లెక్క కావాలి.

సుబ్బారావుగారి భాస్వరం

చేయి మారే ఈ కబురు దేనితో రాసివుంటుంది? చాలాచోట్ల భాస్వరంతో. పొలానికి వేసే సూపర్ ఫాస్ఫేట్‌లో వుండే భాస్వరమే ఇదీను. ఒక ప్రోటీను మరో ప్రోటీను మీద ఫాస్ఫేటును ముద్రలాగా గుద్దుతుంది. ముద్ర పడితే చాలా ప్రోటీనులు పనిలోకి దిగుతాయి, కొన్ని పని మానేస్తాయి. ముద్ర వేసేవాటిని కైనేజులు అంటారు. ముద్ర చెరిపేవి వేరే వున్నాయి. వాటిని ఫాస్ఫటేజులు అంటారు. మనిషిలో ముద్ర వేసే రకాలే 500 పైచిలుకు వున్నాయి.

ఈ ముద్రకు కావలసిన ఫాస్ఫేటు ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది. కణంలో శక్తికి చలామణీ నాణెం వంటిది ఈ ఏటీపీ. దాన్ని 1929లో వెలికితీసినవారిలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత వుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. తరువాత కండరాలను పరిశీలిస్తూ ఇద్దరూ ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.

ఈ ఫాస్ఫేటు శక్తికి మాత్రమే కాక ముద్రగా కూడా పనికివస్తుందని అప్పటికి తెలియదు. 1950 దశకంలో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ ఆ సంగతి బయటపెట్టారు. వారికి 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు 1948లోనే అమెరికాలో కన్నుమూశారు. తిరిగి స్వదేశం రాలేదు.

తెరచుకున్న తలుపు మూసుకోకపోతే

కబురు కాలువలో ఒక్క తలుపు చెడిపోతే ఎంత నష్టమో చెప్పడానికి కలరా చాలు. కలరా సూక్ష్మజీవి పేగులో ఒక విషాన్ని వదులుతుంది. ఈ విషం సంగతిని 1959లో కలకత్తాకు చెందిన శంభునాథ్ దే కుందేళ్ళ పేగులపై ప్రయోగాలతో రుజువు చేశారు. ఆ విషం పేగు కణాల్లోని ఒక తలుపును తెరిచిపెట్టి, ఇక మూతపడకుండా చేస్తుంది. దాంతో ఏటీపీ నుంచే తయారయ్యే సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పదార్థం కణంలో పోగుపడిపోతుంది. ఉప్పు పేగులోకి పోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. గంటల్లో మనిషి ఎండిపోతాడు.

అయితే అదే కణానికి మరో తలుపు కూడా వుంది. అది ఉప్పును, చక్కెరను జతగా లోపలికి తీసుకుంటుంది. కలరా విషం దాన్ని ముట్టుకోదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగిస్తే ఆ తలుపు గుండా నీరు మళ్ళీ ఒంట్లోకి చేరుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన బనగాఁవ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ నీళ్ళనే బిందెలతో కలిపించి తాగించారు. నూటికి 30 వరకు వున్న మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి.

ఈ రోజు ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం అదే. పొట్లం దొరకనప్పుడు లీటరు మంచినీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే చేటు. ఒక తలుపు చెడినా మరో తలుపు మిగిలివుందని తెలియడం వల్లనే లక్షల ప్రాణాలు నిలిచాయి. కణం కాలువల పటం ఎందుకు కావాలో ఇంతకంటె వేరే చెప్పాలా?

లెక్క ఎలా కడతారు?

ఉదాహరణకు ఒక కణంలో ఒకే రకం ప్రోటీనులు 100 వున్నాయనుకుందాం. వేటి మీదా ముద్ర లేదు. నిమిషానికి, ముద్ర లేనివాటిలో నూటికి 10 మీద ముద్ర పడుతుంది. ముద్ర వున్నవాటిలో నూటికి 5 మీద చెరిగిపోతుంది. మొదటి నిమిషం చివర ముద్ర వున్నవి 10. రెండవ నిమిషంలో మిగిలిన 90లో 9 మీద ముద్ర పడుతుంది, పాత పదిలో అర చెరుగుతుంది. మొత్తం 18.5. మూడవ నిమిషం చివర సుమారు 25.7. ఇలా పెరుగుతూ పోయి 67 దగ్గర ఆగుతుంది. అక్కడ పడేదీ చెరిగేదీ సమానం అవుతాయి. చెరువులోకి వచ్చే నీరు, తూము గుండా పోయే నీరు సమానమైనప్పుడు మట్టం నిలిచినట్లే.

ఇంతవరకు ఎవరైనా కాగితం మీద చేయవచ్చు. కాని ఒక కణంలో ఇటువంటి తలుపులు వందలు. ఒకదాని ముద్ర మరోదాన్ని తెరుస్తుంది. చివరిది వెనక్కి వచ్చి మొదటిదాన్ని మూస్తుంది. రెండు కాలువలు మధ్యలో కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. నిమిషానికి కాదు, క్షణంలో వెయ్యో వంతుకు ఒకసారి లెక్క వేయాలి. ఇది చేతితో అయ్యే పని కాదు. కంప్యూటరుకు ప్రతి తలుపు వేగాన్నీ, ప్రతి ప్రోటీను పరిమాణాన్నీ సమీకరణాలుగా ఇస్తే, అది క్షణక్షణానికీ లెక్క కట్టి గీత గీసి చూపిస్తుంది. ఈ సమీకరణాల కట్టనే నమూనా అంటారు.

ఇటువంటి లెక్కకు దారి చూపినవారు ఇంగ్లండుకు చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ. సముద్రపు స్క్విడ్ అనే జీవి నరంలో విద్యుత్తు ఎలా పారుతుందో 1952లో వారు సమీకరణాలతో చెప్పారు. ఆ సమయంలో కేంబ్రిడ్జి కంప్యూటరు అందుబాటులో లేక, హక్స్‌లీ చేతితో పిడి తిప్పే యంత్రం మీద రోజుల తరబడి లెక్కలు వేశారు. 1963లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. 1960లో డెనిస్ నోబుల్ అదే దారిలో గుండె కణం కొట్టుకునే తీరును లండన్‌లో కంప్యూటరు మీద లెక్క కట్టారు.

కప్ప గుడ్డు చెప్పిన నిజం

లెక్క వల్ల కొత్త సంగతులు ఎలా తెలుస్తాయో కప్ప గుడ్డు ఉదంతం చెబుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఫెరెల్, ఆయన సహచరులు ఆఫ్రికా కప్ప గుడ్లను పరిశోధించారు. ఆ గుడ్డులో మూడు కైనేజులు మెట్లలాగా వున్నాయి. మొదటిది రెండవదానికి ముద్ర వేస్తుంది. రెండవది మూడవదానికి వేస్తుంది. ఒకటి చాలదా, మూడు ఎందుకు అన్నది ప్రశ్న.

1996లో వారు వేసిన లెక్క ఇలా చెప్పింది. మెట్టు దిగేకొద్దీ జవాబు నిటారుగా మారుతుంది. కబురు కొద్దిగా వున్నంతసేపూ కింద దాదాపు ఏమీ వుండదు. ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకుంటుంది. గుడ్డు పదార్థంతో ప్రయోగం చేసి చూస్తే లెక్కా ప్రయోగమూ కలిశాయి.

1998లో వారు ఒక్కొక్క గుడ్డును విడిగా చూశారు. గుడ్లను కలిపి నూరి కొలిస్తే, మందు పెంచేకొద్దీ జవాబు మెల్లగా పెరిగినట్లు కనిపించేది. విడిగా చూస్తే, ప్రతి గుడ్డూ పూర్తిగా పక్వానికి రావడమో, అసలు కదలకపోవడమో తప్ప మధ్యస్థం లేదు. పది చేలకు సగటున సగం నీరు అందిందని రికార్డులో రాస్తే, అయిదు చేలు నిండి అయిదు ఎండివుండవచ్చు. సగటు చూసి మోసపోరాదని కప్ప గుడ్డు కూడా చెప్పింది.

బెంగళూరులో కట్టిన నమూనా

ఈ రంగంలో భారతీయుల కృషి చెప్పుకోదగినది. బెంగళూరులోని జాతీయ జీవ విజ్ఞాన శాస్త్రాల కేంద్రానికి చెందిన ఉపిందర్ భల్లా, న్యూయార్క్‌లోని మౌంట్ సైనై వైద్య విద్యాలయానికి చెందిన రవి అయ్యంగార్ కలసి 1999లో ఒక నమూనాను ప్రకటించారు. అప్పటిదాకా విడివిడిగా చదువుతున్న కబురు దారులను వారు కంప్యూటరులో ఒకదానితో ఒకటి కలిపారు.

కలిపేసరికి, విడిగా ఏ దారిలోనూ లేని గుణం ఒకటి బయటపడింది. కొద్ది నిమిషాలు మాత్రమే వచ్చి ఆగిపోయిన కబురుకు కూడా లోపలి చక్రం తిరుగుతూనే వుండిపోతున్నది. ఒకటి రెండవదాన్ని తట్టిలేపుతుంది, రెండవది మళ్ళీ మొదటిదాన్ని తట్టిలేపుతుంది. కబురు తెచ్చినవాడు వెళ్ళిపోయినా కబురు నిలిచివుంటుంది. అంటే కణానికి ఒక విధమైన జ్ఞాపకం వున్నదన్నమాట. 2002లో ఎలుక కణాలపై ప్రయోగాలు చేసి, ఇటువంటి ప్రవర్తన నిజంగానే వున్నదనీ, అయితే ముద్ర చెరిపే ప్రోటీను పరిమాణాన్ని బట్టి అది మారుతుందనీ వారు తెలియజేశారు.

అడ్డుకట్ట వేస్తే పక్కదారి

ఇదంతా పండితుల వేడుక కాదు. దీని వెనుక రోగుల ప్రాణాలు వున్నాయి.

చర్మానికి వచ్చే మెలనోమా అనే ఒక రకం క్యాన్సర్‌లో, బీరాఫ్ అనే కైనేజు చెడిపోయి ఎప్పుడూ తెరిచివుంటుంది. కణానికి "పెరుగు, పెరుగు" అన్న కబురు ఆగదు. ఆ తలుపును మూసే వెమురాఫెనిబ్ అనే మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. చాలామంది రోగులలో గడ్డలు కరిగాయి. కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలో కూడా ఇదే తలుపు ఇదే విధంగా చెడివుంటుంది. కాబట్టి అదే మందు పనిచేయాలి కదా అనుకున్నారు. దాదాపు పనిచేయలేదు.

కారణం 2012లో తెలిసింది. పేగు కణంలో ఈ తలుపు మూయగానే, పైనున్న ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు సడలిపోతున్నది. ఆ గ్రాహకం పక్క కాలువ గుండా మళ్ళీ అదే కబురు పంపిస్తున్నది. రెండింటినీ ఒకేసారి మూసే మందుల జతకు 2020లో అమెరికా అనుమతి లభించింది.

ఈ కారణాన్ని ముందుగా చెప్పింది కంప్యూటరు కాదు, ప్రయోగశాలలో కణాలపై చేసిన పరీక్ష. ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఎనిమిదేళ్ళూ రోగి ఆగగలడా? కాలువల పటం, తలుపుల వేగం ముందే కంప్యూటరులో వుంటే, ఏ రెండు తలుపులు కలిపి మూయాలో ముందే సూచించవచ్చునన్నది శాస్త్రజ్ఞుల ఆశ.

లెక్క తప్పిన సందర్భం

అయితే కంప్యూటరు చెప్పినదంతా వేదవాక్కు అనుకుంటే పొరపాటే. అమెరికాలో ఒక సంస్థ పరిశోధకులు ఇటువంటి నమూనా కట్టి, ఎర్బ్‌బీ-3 అనే గ్రాహకం అన్నిటికంటె కీలకమైన తలుపు అని 2009లో ప్రకటించారు. దాన్ని మూసే మందును కూడా తయారు చేశారు. ఎలుకలలో గడ్డల పెరుగుదల తగ్గింది. కాని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో జరిపిన పరీక్షలో ఆశించిన మేలు కనిపించక, 2018లో దాన్ని ఆపివేశారు.

లెక్క తప్పడానికి కారణాలు లేకపోలేదు. చాలా తలుపుల వేగం సరిగా కొలవబడలేదు. ఒక రోగి కణం మరో రోగి కణం వంటిది కాదు. ఒకే గడ్డలోనే కణానికీ కణానికీ తేడా వుంటుంది. పటంలో లేని పక్కదారులు ఎన్నో వున్నాయి. ఆయకట్టు వివరాలు తప్పుగా ఇచ్చి వంతుల పట్టిక వేయమంటే ఎవరు మాత్రం సరిగా వేయగలరు?

మరోపక్క విశ్వాసం పెంచిన లెక్కలు కూడా వున్నాయి. చక్కెర, ఇన్సులిన్ ఒంట్లో ఎలా తిరుగుతాయో చెప్పే ఒక నమూనాను అమెరికాలోని వర్జీనియా, ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయాలవారు తయారు చేశారు. ఇది ఒక కణం లెక్క కాదు, మనిషి ఒంటి లెక్క. అందులో కంప్యూటరు మీద మాత్రమే వున్న 300 మంది రోగులు వున్నారు. ఇన్సులిన్‌ను తనంతట తానే వదిలే యంత్రాల పద్ధతులను మనుషులపై పరీక్షించే ముందు, జంతువులకు బదులు ఈ నమూనాపై పరీక్షించవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అంగీకరించింది.

మన పిల్లలకూ అందుబాటులోనే

శాస్త్రజ్ఞులు కట్టిన నమూనాలను ఒకచోట చేర్చి, ఎవరైనా తీసుకునేలా ఇంగ్లండులో బయోమోడల్స్ అనే భాండాగారాన్ని 2005లో ప్రారంభించారు. రుసుము లేదు. వాటిని నడిపే కొపాసి వంటి సాధనాలు కూడా ఉచితమే. కాలేజీలో వుండే మామూలు కంప్యూటరు చాలు. లెక్కలు వచ్చిన విద్యార్థికి జీవశాస్త్రం పనికిరాదనీ, జీవశాస్త్రం చదివేవారికి లెక్కలు అక్కరలేదనీ మన ఊళ్ళలో ఒక అభిప్రాయం వుంది. ఈ రంగంలో రెండూ వచ్చినవారికే పని.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. కంప్యూటరు లెక్క చూసి చక్కెర వ్యాధి మాయం చేస్తామనీ, క్యాన్సర్ నయం చేస్తామనీ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మరాదు. ఈ లెక్కలు పరిశోధకులకు ఏ తలుపు తట్టాలో సూచించేవి మాత్రమే. రోగికి వాటి ఫలితం డాక్టరు చేతి మందుగానే అందుతుంది. వాడుతున్న మాత్రలు డాక్టరును అడగకుండా మానడం ఎప్పటికీ ప్రమాదమే.

భీమవరం 2022 నుంచి పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణం. ఆ ఊళ్ళో పుట్టినవాడు నూరేళ్ళ క్రితం గాజు గొట్టంలో నీలిరంగు చూసి భాస్వరం ఎంత వుందో కొలిచాడు. కణం లోపల ప్రతి తలుపు దగ్గరా నేడు లెక్కకు వస్తున్నది ఆ భాస్వరమే. తలుపులు ఇంకా చాలా మిగిలివున్నాయి. వాటిని కొలిచేవారు మళ్ళీ ఈ కాలువ గట్ల మీద నుంచి బయలుదేరడానికి అభ్యంతరం ఏమీ లేదు.